సానరాయి ఏమీ ఇవ్వదు

హనుమకొండ చౌరస్తా నుంచి నయీంనగర్ మీదుగా కాకతీయ విశ్వవిద్యాలయం వైపు వెళ్లే దారి పొడవునా కాలేజీల బోర్డులు, కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు వరుసగా కనిపిస్తాయి. అవన్నీ తల్లిదండ్రులకు ఇస్తామనే సరుకు ఒకటే: పిల్లల తెలివికి పదును. ఆ హామీ వెనక ఎవరూ విడమరచి చెప్పని నమ్మకం ఒకటుంది. పదును అంటే బుర్రలోకి ఇంకా ఏదో ఎక్కించడమని, మరిన్ని పుస్తకాలు, మరిన్ని టెస్టులు, మరిన్ని గంటలు కలిపితే తెలివి వాడిదేలుతుందని ఆ నమ్మకం. భక్తి విషయంలోనూ మన లెక్క చాలాసార్లు ఇలాగే ఉంటుంది. మరో వ్రతం, మరో జపమాల, మరో యాత్ర చేస్తే ఆ మేరకు పుణ్యం జమవుతుందనుకుంటాం. నేను వాదించదలచింది దీనికి ఎదురుమాట. పదును బయటి నుంచి వచ్చి చేరేది కాదు, ఉన్నదాంట్లోంచి కొంత పోతే మిగిలేది. ఈ మాట నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ల కిందట ఇదే ఓరుగల్లు నేల మీద రాజాదరణ కోసం పోటీపడిన మతాలు సైతం ఈ ఒక్క విషయంలో ఒకే వైపు నిలబడ్డాయి. వాటి తగువంతా తీసేయాల్సింది ఏమిటి, తీసేవారెవరు అన్న చోటే వచ్చింది.

ముందు కత్తి సంగతి చూద్దాం. మొద్దుబారిన కత్తి అంచును భూతద్దంలో చూస్తే అది గీతలా ఉండదు, గుండ్రంగా ఉంటుంది. రెండు పక్కల నుంచి వాలుగా దిగే తలాలు ఒకచోట కలిస్తేనే అంచు. వాడగా వాడగా ఆ కలిసే చోటు అరిగి, ఒరిగి, బొద్దుగా తయారవుతుంది. సాన పట్టేవాడు ఆ అంచుకు ఏమీ అతికించడు. రెండు పక్కలా ఉక్కును కొంచెం కొంచెంగా అరగదీస్తూ, ఆ తలాలు మళ్లీ కలిసేదాకా రుద్దుతాడు. నీళ్లు చిలకరించి నూరుతుంటే రాయి మీద నల్లటి బురద పేరుకుంటుంది. అందులో ఉక్కూ ఉంటుంది, రాయీ ఉంటుంది. నూరక ముందుకన్నా నూరిన తర్వాత కత్తి బరువు తగ్గుతుంది, పనితనం పెరుగుతుంది. ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే దాని అవసరం ముందు ముందు పడుతుంది. నూరుతూ ఉండగా ఒక దశలో అంచుకు అవతలి వైపు వెంట్రుక కన్నా పలచని లోహపు పొర ఒకటి ఒరుగుతుంది. వేలితో అడ్డంగా తడిమితే గరుకుగా తగిలి, కత్తి పదునెక్కిందనిపిస్తుంది. అది పదును కాదు. మొదటి కోతలోనే మడతపడి కత్తిని మళ్లీ మొద్దు చేస్తుంది. మంగలి తన కత్తిని తోలుపట్టా మీద అటూ ఇటూ లాగేది ఆ పొర తాలూకు శేషాన్ని పోగొట్టి అంచును సరిచేయడానికే. అంటే తీసివేత పని పదును వచ్చిందనిపించిన తర్వాత కూడా కొనసాగాలి.

ఈ పనికి ఇంగ్లీషులో హోన్ అనే మాట ఉంది. ఇప్పుడు ఉద్యోగ ప్రకటనల్లో, వ్యక్తిత్వ వికాస తరగతుల్లో తరచూ వినబడే మాటే. పాత ఇంగ్లీషులో అది పని పేరు కాదు, రాయి పేరు. ఆ రాయి పేరుతోనే పదును పెట్టడాన్ని పిలవడం పద్దెనిమిదో శతాబ్దం చివర్లో కానీ కనబడదు. నైపుణ్యాన్ని, తెలివిని హోన్ చేసుకోవడమనే వాడుక అంతకన్నా ఇటీవలిది. భాషాశాస్త్రవేత్తలు ఈ మాటను ఏ మూలధాతువుకు చేరుస్తారో, సానరాయికి లాటిన్ పేరైన కోస్‌నూ, సంస్కృతంలోని శో ధాతువునూ, ఆ ధాతువు నుంచి పుట్టిన నిశిత శబ్దాన్నీ అక్కడికే చేరుస్తారు. మోనియర్ విలియమ్స్ సంస్కృత నిఘంటువు శాణ శబ్దాన్ని కూడా శో ధాతువుతోనే ముడిపెట్టింది. ఆ శాణమే మన సాన. ఈ చుట్టరికం ముచ్చటగా ఉన్న మాట నిజమే కానీ, చుట్టరికాలతో సిద్ధాంతాలు నిలబడవు. నాకు అంతకన్నా విలువైనదిగా కనిపించేది పాణినీయుల ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠం శో ధాతువుకు ఇచ్చిన అర్థం. అక్కడ చెప్పింది తనూకరణం, అంటే పలచన చేయడం, సన్నబరచడం. వాడిని కలిగించడం అని చెప్పలేదు. పాణినీయులు పని ఫలాన్ని వదిలేసి, పని జరిగే తీరును పట్టుకున్నారు.

వ్యాకరణంలో ఉన్న ఈ గమనిక ఉపనిషత్తుల వ్యాఖ్యానంలోకి కూడా వచ్చింది. ముండకోపనిషత్తులో ఓంకారం విల్లు, ఆత్మ బాణం, బ్రహ్మం గురి. ఆ బాణం ఉపాసన చేత నిశితమై ఉండాలని అక్కడి నియమం. శంకరులు తమ భాష్యంలో ఆ నిశిత శబ్దానికి, ఎడతెగని ధ్యానంతో సన్నబరచినది, సంస్కరించినది అని అర్థం రాశారు. ఉపాసన బాణానికి బలం పోస్తుందని రాయలేదు, సన్నబరుస్తుందని రాశారు. కఠోపనిషత్తు కూడా అన్ని ప్రాణుల్లో దాగి ఉన్న ఆత్మ సూక్ష్మమై మొనదేరిన బుద్ధికే కనబడుతుందని చెప్పి, రెండు మంత్రాలు దాటగానే ఆ దారి మంగలికత్తి అంచులాగా నడవడానికి కష్టమైనదని హెచ్చరిస్తుంది. బుద్ధి సన్నబడాలి, దారి అంతకు ముందే సన్నగా ఉంది. లావుగా ఉన్నది సన్నటి దారిన పోలేదు. ఈ రెండు మంత్రాలనూ పక్కపక్కన పెట్టి చదివితే సాధన అనేదాన్ని సంపాదనగా చూడటం ఎందుకు కుదరదో తెలుస్తుంది.

ఇది పుస్తకాల మాటగానే ఉండిపోకుండా, హనుమకొండ పద్మాక్షి గుట్ట దగ్గరికి వెళ్దాం. ఈనాడు అది అమ్మవారి గుడి. బతుకమ్మ పండుగకు ఊరంతా ఆ గుట్ట కిందికి చేరుతుంది. అక్కడున్న 1117 నాటి శాసనం మాత్రం కాకతి ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ ఆ గుట్ట మీద కడలాలయ బసది అనే జైన ఆలయాన్ని కట్టించిందని చెబుతుంది. గుట్ట రాతిలో తీర్థంకరుల బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి. నల్లరాతితో మలచిన నాలుగు పలకల స్తంభం నాలుగు ముఖాల మీదా జైన రూపాలే. జైనుల లెక్కలో కర్మ అంటే పాపపుణ్యాల చిట్టా కాదు, జీవుణ్ణి అంటుకునే అతి సూక్ష్మమైన పదార్థం. ఆశ, కోపం, గర్వం, మోసం జిగురులా పనిచేసి దాన్ని పట్టి ఉంచుతాయి. కొత్తది అంటకుండా ఆపడం సంవరం, పాతదాన్ని తపస్సుతో రాల్చడం నిర్జర. నిర్జర అంటే అరిగిపోయేలా చేయడమే. జీవుడికి సహజంగానే అనంతమైన జ్ఞానం ఉందని, పైన పేరుకున్నది రాలితే అది దానంతటదే బయటపడుతుందని జైనులు చెబుతారు. దిగంబర తీర్థంకరుడి విగ్రహాన్ని ఆ దృష్టితో చూడాలి. వస్త్రం లేదు, ఆభరణం లేదు, ఆయుధం లేదు. తీసేయగలిగినవన్నీ తీసేసిన తర్వాత నిలబడిన మనిషి ఆయన.

కాకతీయ రాజులు క్రమంగా శైవం వైపు మళ్లారు. రెండో బేతరాజు కాలాముఖ శైవ శాఖ ఆచార్యుడు రామేశ్వర పండితుడికి ఇచ్చిన దానం కాజీపేట దర్గా దగ్గరి శాసనంలో ఉంది. తరువాత గణపతిదేవుడి కాలానికి గోళకీ మఠానికి చెందిన విశ్వేశ్వర శంభు రాజగురువయ్యాడు, ఆయన చేతి మీదుగానే గణపతిదేవుడు శివదీక్ష పొందాడు. గోళకీ మఠం వారు శైవ సిద్ధాంతులు. వాళ్ల తాత్విక భాష జైనుల భాషకు చాలా దూరం. అయినా వాళ్ల పునాది కూడా తీసివేతే. పశువు, అంటే జీవుడు, స్వభావరీత్యా శివుడితో సమానమైన జ్ఞానక్రియాశక్తులు ఉన్నవాడు. మలం అనే అనాది పదార్థం ఆ శక్తుల్ని కప్పేసింది. కంటికి పట్టిన పొర దాని గురించి తెలుసుకున్నంత మాత్రాన పోదని, వైద్యుడి చేతి శస్త్రంతోనే పోతుందని సిద్ధాంత గ్రంథాలు పోలిక చెబుతాయి. జైనుడు తన తపస్సుతో తానే రాల్చుకోవాలన్నాడు. శైవుడు అది జీవుడి వల్ల కాదు, శివుడే ఆచార్యుడి చేతిలో నిలిచి దీక్షతో తొలగించాలన్నాడు. ఒకే గుట్ట నీడలో, దాదాపు ఒకే వంశం అండన బతికిన ఈ ఇద్దరి మధ్య తేడా శస్త్రం ఎవరి చేతిలో ఉందన్నదే. శస్త్రచికిత్స తర్వాత కంటిలో కొత్త చూపు పెట్టామని ఇద్దరిలో ఎవరూ అనలేదు.

ఇక్కడే నా వాదానికి గట్టి అడ్డు ఒకటుంది, అది వచ్చేది శంకరుల నుంచే. బ్రహ్మసూత్ర భాష్యంలో నాలుగో సూత్రం దగ్గర ఆయన మోక్షం పుట్టించేది కాదు, చేరుకునేది కాదు, మార్పుతో వచ్చేది కాదు, సంస్కారంతో వచ్చేదీ కాదు అని వరుసగా తోసిపుచ్చారు. సంస్కారం రెండు రకాలు: గుణాన్ని చేర్చడం, దోషాన్ని తీయడం. రెండూ ఆత్మకు పొసగవన్నారు. అద్దాన్ని తోమితే దాని మెరుపు బయటపడినట్టు ఆత్మ కూడా బయటపడవచ్చు కదా అన్న ప్రశ్నను ఆయనే వేసుకుని, తోమడం ఒక క్రియ, ఆత్మ ఏ క్రియకూ లోబడే వస్తువు కాదని కొట్టేశారు. తీసివేతే సాధన అనే నా మాట ఈ లెక్కన చేర్చడమే సాధన అన్న మాటతో పాటే పడిపోవాలి. పడిపోదని నేననుకోవడానికి కారణం అదే ఆచార్యుడి ముండక భాష్యంలో దొరుకుతుంది. అక్కడ సన్నబడాల్సిన బాణం శుద్ధాత్మ కాదు, ఉపాధితో కూడిన ఆత్మ. అంటే మనసు, బుద్ధి అనే పనిముట్లతో కలిసి కనిపించేది. ఆత్మకు సాన అక్కర్లేదు. చూసే పనిముట్టుకు కావాలి. శంకరులు శ్రవణం, మననం, నిదిధ్యాసనం అని మెట్లు పెట్టుకున్నది ఆ పనిముట్టు కోసమే. కాబట్టి నా వాదం హద్దు ఇక్కడ గీసుకోవాలి: సాన గురించి మాట్లాడేటప్పుడు మనం బుద్ధి గురించి మాట్లాడుతున్నాం, దేవుడి గురించి కాదు. ఈ హద్దు దాటి చెప్పిన మాటలన్నీ అలంకారాలే అవుతాయి.

రెండో అభ్యంతరం కొలిమి నుంచి వస్తుంది, అది ఇంకా గట్టిది. సాన కత్తికి ఏమీ ఇవ్వదు సరే, కత్తి ఉక్కుదై ఉండాలి కదా. మెత్తటి ఇనుమును ఎంత నూరినా అంచు నిలవదు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారు. పందొమ్మిదో శతాబ్దపు తొలి దశకాల్లో హెన్రీ వాయ్సీ అనే ఇంగ్లీషు భూగర్భ పరిశోధకుడు ఆ కొలుముల్ని చూసి వివరంగా రాశాడు. మట్టి మూసల్లో పెట్టి, మూత వేసి, గంటల తరబడి కాచి, ఇనుములో తగినంత కర్బనం కలిసేలా చేయడంలో ఉంది ఆ ఉక్కు రహస్యం. అంటే చేర్చడమే. ఆ తర్వాత కత్తిని సాగగొట్టి, ఎర్రగా కాల్చి, ముంచి గట్టిపరచాలి. మన కమ్మరి భాషలో పదును పెట్టడమంటే ఈ కాల్చి ముంచడం కూడా. కనుక చేరిక లేనిదే పదును లేదని ఎవరైనా అంటే నేను కాదనను. శ్రవణం లేకుండా మననం లేదు. చదవనివాడు, విననివాడు దేన్ని నూరుకుంటాడు? నేను పట్టుబట్టేది క్రమం గురించి. మూసలో చేరాల్సింది చేరాక కొలిమి పని అయిపోతుంది. ఆ తర్వాత రాయి దగ్గర కర్బనం ఇంకాస్త కలిపితే వాడి పెరుగుతుందని ఏ కమ్మరీ అనుకోడు. మన చదువుల్లోనూ, మన భక్తిలోనూ జరుగుతున్న పొరపాటు చేర్చడం కాదు, చేర్చడం ఎక్కడ ఆపాలో తెలియకపోవడం. గీతలో పద్దెనిమిది అధ్యాయాలూ కంఠస్థం వచ్చినవాడికి తర్వాతి మెట్టు మరో గ్రంథం కంఠస్థం చేయడమేనని మనం చెబుతున్నాం. అతడు ఒక్క శ్లోకంతో రోజంతా తన కోపాన్ని రాపిడి పెట్టుకుంటే దాన్ని చదువు కింద లెక్క వేయం.

మన రైతుల నోట పదునుకు ఉన్న ఇంకో వాడుక కూడా ఇక్కడ పనికొస్తుంది. వరంగల్ పల్లెల్లో వాన పడ్డాక పదునైంది అంటే నేల విత్తనానికి తయారైందని. తడి మరీ ఎక్కువైతే నాగలికి బురద అంటుతుంది, తక్కువైతే మట్టి పెళ్లలుగా లేస్తుంది. ఆ రెండింటికీ నడుమ కొద్ది రోజులే పదును. ఇది కత్తి పదును నుంచి తీసిన అలంకారం కాదు, నేలకే చెందిన మాట. పనికి సిద్ధంగా ఉండే స్థితినే రైతు పదును అంటున్నాడు. కత్తి విషయంలోనూ అంతే అనుకుంటే, ఎంత సన్నబడితే అంత మంచిదనే అర్థం తీసుకోకూడదని తెలుస్తుంది. ఎముకలు నరికే కత్తికి మంగలికత్తి అంచు పెడితే మొదటి వేటుకే గాట్లు పడతాయి. చేయాల్సిన పనిని బట్టే అంచు కోణం. బుద్ధికీ ఇదే కొలత. న్యాయాధికారికి కావాల్సిన సూక్ష్మత వేరు, రోగి మంచం పక్కన కూర్చున్న మనిషికి కావాల్సిన సూక్ష్మత వేరు.

అయితే అరగదీయడమే సాధన అయితే చివరికి మిగిలేదేమిటి? కత్తి పూర్తిగా అరిగిపోతే అది సాధన సఫలమైనట్టా? ఈ ప్రశ్నను జైనులు తప్పించుకోలేరు, ఎందుకంటే వాళ్ల సల్లేఖన వ్రతం పేరుకే బాగా గీకి పలచన చేయడమని అర్థం. ఆహారాన్ని క్రమంగా మానుకుంటూ మరణాన్ని ఆహ్వానించే ఆ వ్రతాన్ని ఆత్మహత్యగా పరిగణించాలని రాజస్థాన్ హైకోర్టు 2015 ఆగస్టులో తీర్పు చెప్పింది, అదే నెలాఖరున సుప్రీంకోర్టు ఆ తీర్పు అమలును నిలిపివేసింది. చట్టం ఏం తేలుస్తుందన్నది వేరే విషయం. నాకు ఆసక్తి కలిగించేది జైనాచార్యులు ముందే గీసుకున్న గీత. సల్లేఖన రెండు భాగాలు: శరీరాన్ని పలచన చేయడం, కషాయాల్ని అంటే కోపం, గర్వం, మోసం, లోభాల్ని పలచన చేయడం. రెండోది లేకుండా చేసిన మొదటిదానికి విలువ లేదని వాళ్లు స్పష్టంగా రాసుకున్నారు. శరీరం చిక్కిపోతూ అహంకారం బలిస్తే అది వ్రతం కాదు. ఆ వ్రతం పట్ల నాకు సందేహాలు ఉన్నాయి, ముసలివారి మీద కుటుంబాలు పెట్టే ఒత్తిడి గురించి మరీ ఎక్కువ ఉన్నాయి. అయినా ఈ గీత మాత్రం సరైనదని ఒప్పుకోవాలి. కత్తిలో అరగాల్సింది మొద్దుబారిన భాగమే, కత్తి కాదు. ఎంత అరగదీశామన్నది కొలత కాదు, రెండు తలాలూ కలిశాయా లేదా అన్నది కొలత. కలిసిన తర్వాత ఇంకా నూరేవాడికి ఉక్కు మీద గౌరవం లేదు. ఉపవాసాల్ని పోటీగా చేసేవారికి, నిద్ర మానుకోవడాన్ని గొప్పగా చెప్పుకునే విద్యార్థులకు ఈ తేడా వర్తిస్తుంది.

ఇక పదును మీద ఉన్న పాత నింద ఒకటి. పదునైనది కోస్తుంది, ఎవరిని కోస్తుందో పదునుకు పట్టదు. ఈ నింద వరంగల్ చరిత్రలో ఊరికే పుట్టింది కాదు. తిక్కన ఓరుగల్లుకు వచ్చి గణపతిదేవుడి సభలో జైన బౌద్ధులను వాదంలో ఓడించాడని, ఆ తర్వాత జైనుల మీద రాజు హింసకు దిగాడని కాసె సర్వప్ప సిద్ధేశ్వర చరిత్ర వంటి రచనలు చెబుతాయి. అవి తరువాతి కాలంలో, శైవ పక్షం వారు రాసుకున్నవి. వాటిని ఉన్నదున్నట్టు చరిత్రగా తీసుకోలేం. అయినా నన్ను కలవరపెట్టేది ఆ హింస జరిగిందా లేదా అన్నది కాదు, రాసినవారు దాన్ని తమ మతం గొప్పతనంగా రాసుకోవడం. పాల్కురికి సోమనాథుడు బసవ పురాణంలో చెప్పిన భక్తుల కథల్లోనూ ఈ వాడి కనిపిస్తుంది. భక్తుడి నిష్ఠ ఎంత తీవ్రమో చూపడానికి పరుల ప్రాణం తీయడం కొన్ని కథల్లో కొలతగా నిలుస్తుంది. ఇక్కడ నింద సరైనదే, కానీ అది పడాల్సింది పదును మీద కాదని నా వాదన. మొదట్లో చెప్పిన ఆ పలచని లోహపు పొర గుర్తుచేసుకోవాలి. వేలికి గరుకుగా తగిలి పదునని భ్రమపెట్టేది అదే. వాదంలో గెలిచినవాడికి కలిగే ఆ చురుకుదనం చాలావరకు ఈ పొరే. ఎదుటివాడి సిద్ధాంతంలో లోపాల్ని అరగదీయడంలో చూపిన శ్రద్ధ తన గర్వాన్ని అరగదీయడంలో చూపలేదు, అందుకే ఒకవైపు తలం అరిగి, ఇంకోవైపు పొర ఒరిగింది. తోలుపట్టా దాకా రాకుండా యుద్ధానికి తీసుకుపోయిన కత్తి అది. వాదం నేర్చుకోవడం మానేస్తే హింస తగ్గుతుందని అనుకోవడం తప్పు. మొద్దు కత్తి కూడా గాయం చేస్తుంది, పైగా ఎక్కువ బలం పెట్టాల్సి వస్తుంది గనుక ఎక్కువ గాయం చేస్తుంది. మతం పేరుతో వీధుల్లో జరిగేదాంట్లో చాలా భాగం వాదాన్ని బాగా నేర్చినవారు చేసేది కాదు.

తీసివేతకు ఇక్కడి రాతిపనిలోనూ సాక్ష్యం ఉంది. వేయిస్తంభాల గుడిని 1163లో రుద్రదేవుడు కట్టించాడు, పాలంపేటలో రామప్ప గుడిని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది రెండోది. ఆ రెండు చోట్లా డోలరైట్ అనే నల్లరాతి పని చూడాలి. రామప్ప గుడి గోడలు ఎర్రటి ఇసుకరాయి, చూరు కింద ఒరిగి నిలబడిన మదనికలు అనే స్త్రీమూర్తులు మాత్రం నల్లరాయి. ఆ మెరుపు పైన పూసింది కాదు. ఉలి వదిలిన గరుకును ముతకదానితో మొదలుపెట్టి మెల్లగా సన్నటి పొడుల దాకా రుద్దుతూ తీసేస్తే, వెలుగును చెదరగొట్టే గుంటలు పోయి ఆ రాయి తన నలుపుతోనే మెరిసింది. ఎనిమిది వందల ఏళ్ల ఎండావానలకు అది పోలేదంటే, పోవడానికి పైపూత ఏదీ లేదు కాబట్టే. తీసివేతతో వచ్చినదానికి, పూతతో వచ్చినదానికి తేడాను కాలం ఈ విధంగా పరీక్షిస్తుంది. పరీక్షల కోసం ఎక్కించుకున్న చదువు పరీక్ష దాటిన నెలలో ఎక్కడికి పోతుందో నయీంనగర్‌లో ఎవరిని అడిగినా చెబుతారు.

వేగం గురించి కూడా చెప్పాలి, ఇది ఇప్పటి పిల్లల విషయం కనుక. కరెంటుతో వేగంగా తిరిగే సాన చక్రం మీద కత్తిని గట్టిగా అదిమితే పని నిమిషంలో అయిపోతుంది, నిప్పురవ్వలు కూడా చూడ్డానికి బాగుంటాయి. కానీ అంచు వేడెక్కి నీలిరంగు తేరుతుంది. ఆ రంగు తేలిందంటే కొలిమిలో కష్టపడి పట్టించిన గట్టిదనం ఆ మేర పోయినట్టే. అంచు చూపుకు వాడిగానే ఉంటుంది, రెండు రోజులు వాడితే వంగిపోతుంది. అందుకే తెలిసినవాడు మధ్య మధ్య నీళ్లలో ముంచుతూ, తేలిగ్గా ఆనించి నూరుతాడు. పదహారేళ్ల పిల్లల్ని తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లలో కూర్చోబెట్టి, ఆట, నిద్ర, ఇంటి పలకరింపు అనే నీళ్లన్నీ తీసేసి, ర్యాంకుల చక్రం మీద అదిమేవారికి పదును వస్తున్నట్టే కనిపిస్తుంది. ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజుల్లో మన పత్రికల్లో వచ్చే వార్తలు ఆ నీలిరంగు. పేదింటి పిల్లలకు ఆ చక్రం తప్ప వేరే దారి లేదని, తొందరగా ఉద్యోగం రావాలంటే తప్పదని చెప్పేవారి బాధ నాకు అర్థమవుతుంది. వరంగల్ నిట్ సీటు ఒక ఇంటి తలరాతను మార్చేస్తుందన్నది అబద్ధం కాదు. కానీ ఆ సీటు తర్వాత నాలుగేళ్లు చదవాలి, ఆ తర్వాత నలభై ఏళ్లు పని చేయాలి. గట్టిదనం పోయిన అంచుతో అంత దూరం పోవడం కష్టమన్నది పేదింటికీ, ధనవంతుడింటికీ ఒకటే లెక్క, పేదింటికి మళ్లీ కాల్చి ముంచే అవకాశం తక్కువ కనుక ఇంకా భారమైన లెక్క.

చివరికి మిగిలేది జైనుడికీ శైవుడికీ మధ్య ఉన్న పాత తగువు: నూరేదెవరు? జీవుడు కత్తి కాదు, చైతన్యం ఉన్నవాడు, తన మొద్దుదనాన్ని తానే చూసుకుని తానే రాల్చుకోగలడని జైనుడి మాట. అందులో మనిషి మీద గొప్ప నమ్మకం ఉంది, నేను దాన్ని తేలిగ్గా వదులుకోలేను. అయినా ఈ విషయంలో శైవుల వైపు మొగ్గక తప్పదనిపిస్తుంది. తన అహంకారాన్ని తాను అరగదీసుకుంటున్నానని అనుకునే మనిషి సాధారణంగా దాన్ని నునుపు చేసుకుంటాడు. దాన్ని చూసి చెప్పే కన్ను బయట ఉండాలి. కానీ బయటి చేతికి అధికారం ఇచ్చిన వెంటనే ఇంకో ప్రశ్న లేస్తుంది, రాయిని సరిచేసేదెవరు? వాడగా వాడగా సానరాయి నడుమ గుంత పడుతుంది. గుంత పడిన రాయి మీద ఎంత నిజాయితీగా నూరినా అంచు వంకరే వస్తుంది. దాన్ని మరో రాతి మీద రుద్ది చదును చేయాలి. గణపతిదేవుడి గురువు విశ్వేశ్వర శంభు విషయంలో ఈ చదును ఎక్కడ జరిగిందో 1261 నాటి మల్కాపురం శాసనం చూపిస్తుంది. రుద్రమదేవి ఇచ్చిన మందడం గ్రామంతో ఆయన నడిపిన సంస్థలో విద్యార్థులకు చదువుతో పాటు ప్రసూతిశాల, ఆరోగ్యశాల ఉన్నాయి. ఒక రాజుకు దీక్ష ఇచ్చి మలం తీసిన ఆచార్యుడు, పురుడు పోసుకునే ఆడవారి, రోగుల అవసరాలకు జవాబు చెప్పుకునే చోట తన మఠాన్ని పెట్టుకున్నాడు. ఈనాటి గురువుల్ని, మఠాల్ని, కాలేజీల్ని అడగాల్సింది కూడా వాళ్ల శిష్యులు ఎంత వాడిగా ఉన్నారని కాదు, తమను రుద్దే రాయి ఎక్కడ పెట్టుకున్నారని.